నీలం గుడ్డ కింద పెళ్లికూతురు

పద్మశ్రీ ముఖానికి రంగు వేసింది తారామణి. నింద మోసింది సూర్యకళ.

2004 వేసవిలో లాలాపేట్‌లో ఆరుబయట జరిగిన పెళ్లి అది. ఏఎస్ రావు నగర్‌లో బ్యూటీపార్లర్ నడిపే తారామణి పెళ్లికూతురు ముఖాన్ని స్వయంగా తీర్చిదిద్దింది. ఆమె దగ్గర పనిచేసే సూర్యకళ వేసింది జడ ఒక్కటే. ఆల్బం వచ్చాక చూస్తే ప్రతి ఫోటోలోనూ పద్మశ్రీ ముఖం బూడిద రంగులో ఉంది, పెదవులు నల్లగా ఉన్నాయి. అత్తగారు ఆల్బం పట్టుకుని పార్లర్‌కే వచ్చింది.

"మా కోడలేనా ఇది? పాడె మీద పీనుగులా ఉంది!"

తారామణి తడుముకోలేదు. సూర్యకళ వైపు వేలు చూపించింది. "దీనికి అప్పజెప్పడమే నా తప్పండీ. ఈరోజే మానిపించేస్తున్నా."

ఆ మాట పార్లర్‌లోనే ఆగి ఉంటే బాగుండేది. నాచారం నుంచి ఉప్పల్ దాకా సూర్యకళకు 'పీనుగ మేకప్' అన్న పేరు పడింది. మన జనానికి ఇలాంటి పేర్లు పెట్టడంలో ఉన్న ఓపిక నిజం కనుక్కోవడంలో ఉండదు. ఆ తర్వాత ఆమెను ఏ పెళ్లికీ పిలవలేదు. నాచారంలో ఫ్యాక్టరీ గోడ వెనక సందులో, తన ఇంటి ముందుగదిలో ఆడపిల్లల కనుబొమలు తీరుస్తూ బతికింది.

నేను ఆమెను మొదట చూసింది ఉప్పల్‌లో, మొగిలయ్య టెంట్‌హౌస్ వెనక ఖాళీ జాగాలో. నా ఫోటో స్టూడియో దాని పక్కనే. ఉతికిన షామియానాలు తాళ్ల మీద ఆరుతున్నాయి. వాటి మధ్య ఒకామె చేతిలో అద్దంతో తిరుగుతోంది. ఎర్రగుడ్డ వెనక నిలబడి ముఖం చూసుకుంటుంది, తుడుచుకుంటుంది, మరేదో రాసుకుని నీలం గుడ్డ వెనక్కి పోతుంది. పిచ్చిదనుకున్నాను.

"ఏం జూస్తున్నవ్ అక్కా?" అని అడిగాను.

"మొఖం ఎట్ల సస్తదో జూస్తున్న తమ్మీ," అంది, అద్దం దించకుండానే. "ఎండ ఈ గుడ్డలకెల్లి దిగి మొఖం మీద పడ్తది. ట్యూబులైటు కింద మస్తుగున్న మొఖం నీలం గుడ్డ కింద పీనుగైతది. గా లాలాపేట్ పెండ్లిల కట్టింది నీలమే."

అలాంటి ముఖాలు నా కెమెరాలోనూ ఎన్నో పడ్డాయి. ఆ రోజు నుంచి పందిరిలోకి అడుగుపెట్టగానే ముందు తలెత్తి పైకి చూడటం నాకు అలవాటైంది.

2011 మే నెలలో మొగిలయ్య కూతురు కావ్య పెళ్లి కుదిరింది. పందిరి ఆ ఖాళీ జాగాలోనే. పెళ్లికూతుర్ని సూర్యకళ తయారు చేస్తుందనగానే మొగిలయ్య అక్క దుర్గమ్మ విరుచుకుపడింది.

"పట్నంల అందరు సచ్చిన్రారా? పీనుగ మేకప్పామెనే దొరికిందా నీ బిడ్డకు?"

"ఏండ్ల సంది నా గుడ్డల నడుమ తిరుగుతున్నది అక్కా. ఆమె ఏందో నాకెర్కే."

"నా మేనకోడలు ఫోటోల నల్లగ పడని, అప్పుడు జెప్త ఇద్దరి సంగతి."

సూర్యకళ కోరింది ఒక్కటే, పందిరికి తెల్లగుడ్డ కట్టాలని. మొగిలయ్య కట్టించాడు. ఈ ముఖం చెడితే ఇంక ఏ పెళ్లికూతురూ తన ముందు కూర్చోదని ఆమెకు తెలుసు.

పెళ్లిరోజు తెల్లారుతుండగా గాలిదుమారం లేచింది, వెనకే వాన. తెల్లగుడ్డ నిలువునా చిరిగింది. వాన వెలిసి ఎండ కాసేసరికి పనివాళ్లు, వేరే పెళ్లిళ్లకు పోగా గోదాములో మిగిలిన ఒకే ఒక్క షామియానా తెచ్చి కట్టేశారు. అది నీలం.

అప్పటికే సూర్యకళ కావ్యను తయారు చేసేసింది. మంగళస్నానంలో పూసిన పసుపు చెంపల మీద మిగిలితే ఫోటోల్లో ముఖం పచ్చగా పడుతుందని పార్లర్లవాళ్లంతా ముందు దాన్ని రుద్ది తీసేస్తారు. ఆమె కూడా తీసేసింది. గుమ్మంలోకి వచ్చి పందిరి చూసి అలాగే నిలబడిపోయింది. పెళ్లికొడుకు పీటల మీద కూర్చున్నాడు. జీలకర్ర బెల్లం పెట్టేదాకా అతను పెళ్లికూతుర్ని చూడకూడదు. అంటే కావ్యను ఆ గుడ్డ కిందికి తెచ్చి చూసుకునే దారి లేదు.

"ఇంగేంది, మల్ల గదే రంగు, మల్ల గదే పీనుగ," అంది దుర్గమ్మ.

సూర్యకళ లోపలికి తిరిగింది. మంగళస్నానం గిన్నె అడుగున మిగిలిన తడి పసుపు వేలితో తీసి, ముఖానికి పూసే రంగులో కలిపింది. కావ్యదీ ఆమెదీ ఒకటే చామనఛాయ. ఆ రంగు కుడి చెంపకు రాసుకుంది. ఇంకాస్త పసుపు కలిపి ఎడమ చెంపకు రాసుకుంది. పెదవులకు నారింజ రంగు వేసుకుంది. ఆ ముఖంతోనే నడిచి వచ్చి, చుట్టాలందరి నడుమ, నీలం గుడ్డ కింద నిలబడింది.

పందిరంతా గొల్లున నవ్వింది.

"ఏందమ్మో, పులేషం గట్టినవా?"

"జర పక్కకు జరుగు, పెండ్లికొడుకు జడుసుకుంటడు!"

"ఫోటో దియ్యి తమ్మీ," అంది సూర్యకళ నాతో.

తీసి, కెమెరా వెనక చిన్న తెర చూపించాను. కుడి చెంప బూడిదగా ఉంది. ఎడమ చెంప బతికి ఉంది. నవ్వులేవీ తనవి కానట్టు ఆమె తెరలోకి తదేకంగా చూసి, "ఎడమది," అని లోపలికి వెళ్లిపోయింది. పీనుగ పేరు పెట్టిన జనం ముందే తన ముఖాన్ని పరీక్షకు పెట్టిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. తర్వాతా చూడలేదు.

కావ్యను తెచ్చి అడ్డుతెర వెనక కూర్చోబెట్టారు. జీలకర్ర బెల్లం పెట్టాక తెర దించారు. ఆ నీలి వెలుగులో పంతులు ముఖం, పెళ్లికొడుకు ముఖం, చుట్టాల ముఖాలు అన్నీ ముసురు పట్టినట్టున్నాయి. కావ్య ఒక్కతే పొద్దుటెండలో వాకిట్లో నిలబడ్డ ఆడపిల్లలా ఉంది. ఆమెను తెల్లగా చేయలేదు. చామనఛాయ చామనఛాయలాగే వెలుగుతోంది. కాసేపు కెమెరా ఎత్తడం మరిచిపోయాను.

"ఏయ్, ఫోటో దియ్యవేందిరా!" అని మొగిలయ్య అరిస్తే గాని తెలివి రాలేదు.

దుర్గమ్మ నా భుజం మీదుగా తెరలోకి తొంగి చూసింది. మేనకోడలి పక్కన తన ముఖం చూసుకుంది. తర్వాత నెమ్మదిగా సూర్యకళ దగ్గరికి పోయి, "నాకు గూడ జర బెట్టు బిడ్డా, నేనే పీనుగ లెక్క గొడ్తున్న," అంది.

కావ్య ఫోటో పెద్దది చేసి నా స్టూడియో ముందు అద్దాల కిటికీలో పెట్టాను. దాన్ని చూసి సూర్యకళ ఇల్లు వెతుక్కుంటూ పోయినవాళ్లు చాలామంది.

ఆమెను చివరిసారి కలిసింది 2014 జూన్‌లో. రాష్ట్రం వచ్చిన సంబరాల గులాబీ రంగు ఇంకా నాచారం రోడ్ల మీదే ఉంది. ఆ ఫోటో పట్టుకుని తారామణి పార్లర్‌కు పోదామని, అందరి ముందు నిజం చెప్పిద్దామని అన్నాను. నాలో ఆ కోపం చల్లారలేదు. సూర్యకళ దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీస్తూ విన్నది.

"ఆమెతోని నాకేం పని తమ్మీ? పద్మశ్రీ మల్లాపూర్‌ల ఉంటదట. జర ఎట్లన్న జేసి తోలుకరా. పెండ్లిచీర కట్టిచ్చి ఒక్క ఫోటో దీద్దాం. పాపం, ఆమెకు సక్కని పెండ్లిఫోటో లేదు గద."