అద్దాల బీరువాలో ప్రాసెసర్

2024 మొదట్లో, శివరాత్రి ఇంకా నెలన్నర ఉందనగా, నరసరావుపేటలో నా కంప్యూటర్ల షాపుకు ఇద్దరు వచ్చారు. ఒకరు దగ్గర్లోని ఒక ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పే సుజాత టీచర్. రెండోవారు ఆ ఊరి ప్రభల కమిటీ పెద్ద వెంకటేశ్వర్లు గారు. కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ళకు వెదురు బొంగులతో, లైట్లతో ఎత్తైన ప్రభ కట్టే ఊళ్ళలో వాళ్ళదీ ఒకటి. ప్రభ ఎత్తులోనూ లైట్లలోనూ పొరుగూరితో వాళ్ళ పోటీ ఎప్పుడు మొదలైందో వాళ్ళకే తెలియదు.

టీచర్ గారికి కావలసింది డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్ రిగ్, అంటే పదిమందితో లెక్కలు పంచుకునే కంప్యూటరు. రోగాలకు మందులు వెతికే పెద్ద పెద్ద లెక్కలను ముక్కలు చేసి, ప్రపంచమంతటా మామూలు మనుషుల కంప్యూటర్లకు పంచుతారు. ఎవరి ముక్క వాళ్ళు పూర్తి చేసి పంపితే పాయింట్లు వస్తాయి. బళ్ళో పిల్లల చేత ఆ పని చేయించాలని ఆమె కోరిక. ఈ పాయింట్ల సంగతి విని పొరుగూరి వాళ్ళు అప్పటికే ఒక మిషను కొనేశారట. అందుకే కమిటీ డబ్బులు ఇవ్వడానికి ఒప్పుకుంది.

“శివరాత్రి నాటికి వాళ్ళని దాటాల. దాటకపోతే దీన్ని అమ్మేసి ప్రభకి లైట్లు కొంటాం. టీచరమ్మకి ముందే చెప్పా,” అన్నారు పెద్దాయన.

“పిల్లలు అప్పుడే గోడకి పాయింట్ల చార్టు కట్టుకున్నారన్నా. మిషను వెనక్కి పోతే వాళ్ళ మొహాలు నేను చూడలేను,” అన్నారామె నాతో.

కౌంటరు మీద రెండు మదర్‌బోర్డులు పెట్టాను. ఒకదానికి రంగురంగుల లైట్లు, బోలెడు స్లాట్లు. పెద్దాయన చేయి నేరుగా దాని మీదికే పోయింది.

“ఇదే కావాల. చానా బాగుంది.”

లైట్లు చూసి కంప్యూటరు కొనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా ఓపిక తెచ్చుకున్నాను.

“బాబాయ్, దీన్ని పత్తిచేను అనుకోండి. ఇక్కడ పత్తి తీసేది ప్రాసెసర్. దాన్లో కోర్లని ఉంటయి, అయ్యే కూలోళ్ళు. ఎంతమంది ఉంటే అంత పత్తి. బోర్డు చేనుకి గట్టులాంటిది. గట్టుకి రంగులేస్తే పత్తి ఎక్కువొస్తదా?”

“రాదులే. చూడ్డానికి బాగుంటది గదా,” అని నవ్వారాయన.

అలాగని మరీ చవక బోర్డు కూడా ఇవ్వలేదు. ప్రాసెసర్‌కు కరెంటును సరిచేసి అందించే భాగాన్ని వీఆర్ఎం అంటాం. రాత్రింబగళ్ళు ఆగకుండా నడిచే మిషనులో అది నాసిరకమైతే ఎంత మంచి ప్రాసెసరైనా నీరసపడుతుంది. అందుకని వీఆర్ఎం గట్టిగా ఉన్న సాదా బోర్డు తీసుకుని, మిగిలిన డబ్బంతా ప్రాసెసర్ మీద పెట్టాను. అందులోనూ అన్నిటికంటే పై మోడల్ వద్దన్నాను. దానికి పెట్టే అదనపు ఖర్చుకు తగ్గ పని రాదు, వేడి మాత్రం దండిగా వస్తుంది.

మొదట్లో పాయింట్లు పరుగెత్తాయి. టీచర్ గారు ఫోన్ చేసినప్పుడల్లా వెనక పిల్లల కేకలు వినిపించేవి. శివరాత్రి దగ్గర పడుతుండగా ఒకరోజు ఆమె గొంతు నీరసంగా ఉంది.

“రోజుకొచ్చే పాయింట్లు సగానికి పడిపోయినయన్నా. వాళ్ళు దాటేట్టున్నారు. పెద్దాయన నిన్ననే లైట్ల రేటు కనుక్కున్నాడంట.”

బోర్డు ఎంచింది నేనే కదా! ఇంకో బోర్డు సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను.

బడి లైబ్రరీలో నేను పెట్టి వెళ్ళిన బల్ల మీద మిషను లేదు. కబడ్డీ కప్పులు పెట్టే అద్దాల బీరువాలో ఉంది. తలుపుకు తాళం. మిషనుకు పసుపు, కుంకుమ, చుట్టూ చామంతి దండ. అద్దం మీద చేయి వేస్తే చురుక్కుమంది.

“ఇదేంది బాబాయ్?” అన్నాను, అప్పుడే వచ్చిన పెద్దాయనతో.

“ఊరి పరువబ్బాయ్ అది. దుమ్ము పడనిస్తామా? నేనే దగ్గరుండి పెట్టించా.”

టీచర్ గారు తలొంచుకున్నారు. ఆయన మాట కాదనలేకపోయారని అర్థమైంది. నాకు నవ్వాగలేదు. వేడి ఎక్కువైతే ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది, దాన్ని థ్రాట్లింగ్ అంటాం అని చెప్పాను.

“మీరు సన్మానం చేసి ఊపిరాడకుండా చేశారు బాబాయ్. దానికి గాలాడాల.”

ఆయన మొలతాడుకున్న తాళంచెవి తీసి బీరువా తెరిచి, దండ తన చేత్తోనే తీశారు. మిషను మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. “ఒరేయ్, ఆ ఫ్యాను ఇటు తిప్పండిరా!” అని కేకేశారు. స్క్రీన్ మీద వేగం అంకె పైకి పోతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దాయన కూడా కొట్టారు.

శివరాత్రి ముందు రోజు టీచర్ గారు ఫోన్ చేసి, “దాటేశాం అన్నా!” అని అరిచారు. నేనూ షాపులో జనం ఉన్నారని మరిచిపోయి అరిచాను. ఇంతలో పెద్దాయన ఫోన్ లాక్కున్నారు.

“అబ్బాయ్, అమ్మేది లేదు. పండగవగానే ఇంకో మిషను కట్టు.”

ఏ ప్రాసెసర్‌కు ఏ బోర్డు సరిపోతుందో నాకు తెలుసు. కొన్నవాళ్ళు దాన్ని ఎంత ముద్దు చేస్తారో మాత్రం ఏ బాక్సు మీదా రాసి ఉండదు. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా, మిషను ఎక్కడ పెడతారని ముందు అడుగుతాను. చాలామంది విసుక్కుంటారు. ఫరవాలేదు. ఇన్నేళ్ళలో నేను కట్టిన మిషన్లలో దుమ్ముతో పోయినవి ఉన్నాయి, ఎలుకలు కొరికినవి ఉన్నాయి. ప్రేమ ఎక్కువై జబ్బుపడింది అదొక్కటే.