పోత ఫ్రేము మీద నా పంతం

ఆ రోజుల్లో లోకంలో ఉక్కు రెండే రకాలని నా నమ్మకం: సుత్తిదెబ్బలు తిన్నది, తిననిది. (పెళ్లిచూపులకు వచ్చినవాళ్లను కూడా అలాగే విడదీసేదాన్ని.) నాన్న పెద్ద ప్లాంటులో, ఉక్కును కాల్చి సుత్తితో కొట్టే ఫోర్జింగ్ షాపు మనిషి, పటేల్‌గూడలో మా ఇంట్లో అన్నంతోపాటు ఆ మాటలే వడ్డించేవారు. నేను భానూర్ దగ్గర ఒక చిన్న కర్మాగారంలో, అదీ ఫోర్జింగ్ షాపులోనే, ట్రెయినీగా చేరిన కొత్తలో పిస్తోలు ఫ్రేముల ఆర్డరు వచ్చింది. "ఉక్కు కరిగించి అచ్చుల పోద్దాం, జల్దీ అయితది" అన్నాడు యజమాని. నేను లేచి నిలబడ్డాను. పిస్తోలులో మిగతా భాగాలన్నిటినీ మోసేది ఫ్రేమే, దాన్ని ఎర్రగా కాల్చి కొట్టి చేయాల్సిందే అన్నాను. ఈ పని రాకపోతే మా షాపు మూసేస్తారన్న పుకారు అప్పటికే తిరుగుతోంది మరి.

ఉక్కు కరిగించి అచ్చుల్లో పోసే ఫౌండ్రీ చూసే పెద్దాయనను అందరూ పోత మామ అనేవారు. ఆయన నవ్వి, "ఏంది బిడ్డా, నా పోత గంత అల్కగ పగుల్తదా?" అన్నాడు.

"పగులుతుంది మామా. మీరే చూస్తారు."

పిస్తోలు పేలినప్పుడు తగిలే అదురు లాంటి దెబ్బనే మళ్లీమళ్లీ కొట్టే యంత్రం మా దగ్గర ఉండేది. రెండు రకాల ఫ్రేములూ దానికి బిగించాం. కొనేవాళ్లు అడిగినన్ని దెబ్బలు పడ్డాయి. దేనికీ ఏమీ కాలేదు. యజమాని మామతో చేయి కలపబోతుంటే, "ఆగండి, ఇంకా కొడదాం" అన్నాను. భోజనాలయ్యాయి, టీలయ్యాయి. "గిప్పుడన్న ఆపుతవా తల్లీ?" అని మామ అడిగితే, ఆపనన్నాను. షిఫ్టు దిగే వేళకు ఫట్‌మని పెద్ద చప్పుడు. "పగిలింది! నేను చెప్పలేదూ!" అంటూ చప్పట్లు కొడుతూ పరుగెత్తాను.

ఫ్రేములు రెండూ చెక్కుచెదరలేదు. విరిగింది దెబ్బలు కొట్టే యంత్రం చెయ్యి. (అది మా షాపులో కొట్టి చేసిందే.)

అందరూ నవ్వారు. మామ ఒక్కడే విరిగినచోట వేలు పెట్టి చూసి, "మంచిగనే కొట్టిన్రు బిడ్డా. గిన్ని దెబ్బలు తిన్నంక ఏదైనా అలుస్తది" అన్నాడు. ఆ ఓదార్పుతో నాకు ఇంకా మండింది. మర్నాడు పొద్దున్నే వచ్చి, కొలిమి ముందు నిలబడి, మరో చెయ్యి కొట్టించి, యంత్రం మళ్లీ తిరిగేదాకా ఇంటికి కదల్లేదు. నేను మళ్లీ ఫ్రేములు బిగించబోవడం చూసి యజమాని తల పట్టుకున్నాడు. "ఫ్రేములు మామకే. ట్రిగ్గరు అసొంటి చిన్న భాగాలు మీ షాపు చేస్తది. ఇగ నన్ను పరేషాన్ చెయ్యకు."

షాపు మూతపడలేదు. ఇప్పుడు అక్కడే నాణ్యత చూసే అధికారిని నేను. పోత మేలా, ఫోర్జింగ్ మేలా అని ఎవరడిగినా "చేసే తీరును బట్టి" అంటాను. అది నిజమే. అయినా ఆ జవాబు చెప్పిన ప్రతిసారీ, అంత గట్టిగా దేన్నయినా నమ్మి ఎన్నేళ్లయిందో అనిపించి, ఆ మొండి పిల్ల మీద కాస్త అసూయగా నవ్వుకుంటాను.