సుగుణ గారి అయస్కాంతం

మామిడికాయ తొడిమ విరవగానే చిమ్మే సొన వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ సుగుణ గారి గొంతు వినిపిస్తుంది. విస్సన్నపేట రోడ్డులో ఆవిడకు మామిడికాయలు ప్యాక్ చేసే షెడ్డు ఉండేది. డిగ్రీ అవగానే అక్కడ సూపర్‌వైజర్‌గా చేరాను. ఎవరినైనా కేకలేస్తుంటే ప్రతి ఐదు నిమిషాలకూ ఆవిడ గొంతు బొంగురుపోయేది. అర నిమిషం ఆగి, తిట్టు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ అందుకునేవారు. ఆ కాసేపూ మేం ముసిముసిగా నవ్వుకునేవాళ్లం.

నాకు పదో తరగతి నుంచీ ఫిట్స్. బయటపడితే ఉద్యోగం ఉండదు, పెళ్లి కాదు అని అమ్మ భయం. అదే నాకూ పట్టుకుంది. మాత్రలు దొంగచాటుగా మింగేదాన్ని. చుట్టూ మనుషులుంటే మానేసేదాన్ని. అలా మానేసిన ఒక రోజు బంగినపల్లి కాయలు ఏరిస్తూ అక్కడే పడిపోయాను.

తెలివి వచ్చేసరికి నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి ఉంచారు. సుగుణ గారు ఎంతసేపైందో వాచీలో చూస్తూ కూర్చున్నారు. ఇనుము పట్టుకుంటే తగ్గుతుందని ఎవరో నా చేతిలో పెట్టబోయిన తాళాలగుత్తిని ఆవిడ లాగేసుకున్నారట. అది కాస్తా వెళ్లి ఆవిడ నడుముకున్న అయస్కాంతానికి అతుక్కుపోయింది. దాన్ని ఊడదీయలేక ఇద్దరు ఆడవాళ్లు తంటాలు పడుతున్నారు. ఉద్యోగం పోయిందని ఏడవాల్సిన నేను ఫక్కున నవ్వేశాను.

అప్పుడు చెప్పారు సుగుణ గారు, తనకూ ఫిట్సేనని. ఎడమ భుజం కింద, చర్మం లోపల చిన్న మిషన్ పెట్టారట. మెడలోని నరం గుండా అది మెదడుకు కొద్దికొద్దిగా కరెంటు పంపుతుంది, అప్పుడే గొంతు మారుతుంది. ఫిట్ వచ్చేలా ఉంటే నడుముకున్న ఆ అయస్కాంతాన్ని దాని మీదుగా జరిపితే ఇంకోసారి పంపుతుంది.

"అయితే మీకు మాత్రల బాధ లేదు కదండీ" అన్నాను ఆశగా.

"నేనూ అలాగే అనుకుని మానేశానమ్మా. మూడోరోజు మార్కెట్ యార్డు మధ్యలో పడ్డాను. మిషన్ పని మిషన్‌ది, మాత్ర పని మాత్రది. రెండూ ఉంటేనే నేను నిలబడేది. రేపు వచ్చి అందరి ముందూ వేసుకో."

వేసుకున్నాను. ఒకామె మంచినీళ్లు అందించింది. ఆ సీజనంత సంతోషంగా నేనెప్పుడూ పని చేయలేదు.

ఒక్క మాత్రలతోనే సరిపోక, రెండేళ్లకు నాకూ ఆ మిషన్ పెట్టారు. తర్వాత చాట్రాయి నుంచి పెళ్లిచూపులకు వచ్చారు. అమ్మ కళ్లతోనే వద్దంటున్నా, కాఫీ కప్పు చేతికివ్వకముందే అబ్బాయికి అంతా చెప్పేశాను.

"ఫిట్ వస్తే నేనేం చేయాలండీ?" అన్నాడు.

చెప్పాను. సరిగ్గా గుర్తుండాలని రెండోసారీ చెప్పించుకున్నాడు. మా పెళ్లయి ఆరేళ్లయింది. ఇప్పటికీ ఎవరు కొత్తగా పరిచయమైనా నా పేరుతో పాటే ఆ సంగతీ చెప్పేస్తాను. సుగుణ గారి దగ్గర నేను నేర్చుకున్న పని అది.