నలుపు పడని మిషను

మెట్లు దిగకముందే వినిపించేది. సర్రుమని ఒక వైపు, సర్రుమని ఇంకో వైపు, నడుమ చిన్న టిక్కు. రెండు అలల మధ్య సముద్రం కాస్త ఆగినట్టు ఆ చప్పుడు ఆగి మళ్ళీ మొదలయ్యేది. ఆ రోజు ఆగింది ఆగినట్టే ఉండిపోయింది. తర్వాత రేకు మీద అరచేత్తో గట్టిగా కొట్టిన మోత, వెనకే ఒక తిట్టు.

తిట్టు పైడయ్యది. తిట్టించుకున్నది మిషను.

అల్లిపురంలో ఒక కిరాణా గోడౌను కింద, సెల్లారులో ఉండేది ఆ ఫ్లెక్సు బ్యానర్ల షాపు. ఓనరు గవర్రాజు పైన కౌంటరులో కూర్చునేవాడు. కింద ఇంకు వాసనలో పైడయ్య. పద్మనాభం అనే పల్లె నుంచి తొలి బస్సులో వచ్చేవాడు. పొద్దున్నే మడిలో దిగి వచ్చిన రోజు పాదాల మీద ఆరిన బురద సన్నగా పగిలి ఉండేది. అంతకుముందు శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో చేశాడు. ఈ మిషను వచ్చినప్పుడు హైదరాబాదు నుంచి వచ్చిన మెకానిక్కు ఆన్ చెయ్యడం, ఆపడం చూపించి రైలెక్కేశాడట. మిగిలిందంతా మిషనే ఏడిపించి నేర్పింది.

దాని ఏడుపు ఇంకు చిమ్మే హెడ్ల దగ్గర. ఒక్కో రంగుకీ ఒక్కో హెడ్డు, ఒక్కో హెడ్డుకీ కంటికి ఆనని సన్నటి రంధ్రాలు. సముద్రం మీంచి వచ్చే తేమ, చెప్పకుండా పోయే కరెంటు, వెంటనే ఎండిపోయే ఇంకు. ఈ మూడూ కలిసి ఆ రంధ్రాలను పూడ్చేసేవి. ఆ ఏడు వానలు మొదలైన దగ్గర్నుంచీ నల్లరంగు హెడ్డు సగం మూసుకుపోయింది.

అలాంటి లోపం మీద జనం గొడవ పడాలి. పడలేదు. నలుపు తగ్గడంతో బ్యానర్ల మీద మొహాలన్నీ రంగు తేలాయి. ఎండలో తిరిగి తిరిగి కమిలిన వార్డు నాయకుడొకాయన తన బ్యానరు ముందు నిలబడి, గడ్డం తడుముకుని, ఇన్నాళ్ళకి తన ఛాయ తెలిసినవాడు దొరికాడన్నాడు. పెళ్ళికూతుళ్ళు, పుట్టినరోజు పిల్లలు, రిటైరైన ఫోర్‌మన్లు, అందరూ సంతోషంగా చుట్టి పట్టుకెళ్ళారు. నల్ల అక్షరాలు బూడిదలా పడుతున్నాయని పైడయ్య వాటిని ఎరుపులోకి, నీలంలోకి మార్చేవాడు. హెడ్డు బాగుచేయిద్దామంటే గవర్రాజు ఒకటే మాట అనేవాడు: “బాగున్నదాన్ని బాగుసేత్తావేటిరా.”

మా గ్రంథాలయం వార్షికోత్సవం బ్యానరు కోసం నేను వెళ్ళిన ఆ పొద్దున, నాకంటే ముందు పోతమ్మ వచ్చి కూర్చుంది. ఫిషింగ్ హార్బరులో చేపలమ్ముకునే మనిషి. ఆమె కొడుకు ఎల్లాజీ వేటకెళ్ళిన బోటు గాలివానలో తిరగబడింది. మిగతావాళ్ళు ఒడ్డుకి చేరారు, అతను చేరలేదు. శవం కూడా దొరకలేదు. మర్నాడు పెద్దకర్మ. చూసుకోవడానికి ఏమీ మిగలని చోట ఒక మొహం నిలబెట్టాలని, అతని గుర్తింపు కార్డు ఫొటో ఇచ్చి బ్యానరు కొట్టమంది.

పైడయ్య కొట్టిన బ్యానరు నేల మీద పరిచాడు. పోతమ్మ వంగి చూసింది. పక్కకి జరిగి అటునుంచి చూసింది.

“ఈడెవుడు బాబూ?”

“మీవోడే గదమ్మా.”

“మావోడు నలుపు నాయినా. పుట్టినప్పుడే నలుపు. ఈ దొరబాబుని నానెక్కడా సూళ్ళేదు.”

ఆమె కోప్పడలేదు. చేపల బుట్ట తప్పుగా మారిపోయినట్టు, మరొకరి కొడుకుని తనకి ఇచ్చారన్నట్టు అంది. పైడయ్య ఆ బ్యానరు చుట్టి పక్కన పారేశాడు. కూర్చోమన్నాడు, సాయంత్రంలోగా ఆమె కొడుకుని ఆమెకి ఇస్తానన్నాడు. ఆ మాట ఎందుకన్నానా అని మరుక్షణమే అతని మొహంలో కనిపించింది.

కంప్యూటరులో ఫొటో ముదురు చేశాడు. వంకాయ రంగు మొహం వచ్చింది. సిరంజితో, ఎండిన ఇంకుని కరిగించే సాల్వెంటు ఎక్కించి హెడ్డు కడిగాడు. ఈసారి నలుపు పడింది, కానీ చెంపల మీద తెల్లటి చారలు, ఉప్పునీళ్ళు కారి ఎండినట్టు. మళ్ళీ కడిగాడు. చారలు కళ్ళ మీదికి జరిగాయి. కరెంటు పోయింది. చీకటి సెల్లారులో మేం ముగ్గురం కూర్చున్నాం. పోతమ్మ తనలో తాను, పిల్లాడికి ఎడం కనుబొమ్మ తెగి ఉంటుందని, అది కనిపిస్తే చాలని అంటూ ఉంది. పైడయ్య వింటున్నాడో లేదో, చేతిగుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. నలుపు వేళ్ళకి మాత్రం వదలకుండా పట్టింది.

కరెంటు వచ్చేసరికి గవర్రాజు కిందికి దిగాడు. పాడైన ఫ్లెక్సు కుప్ప చూసి మండిపడ్డాడు. ఇంకు ఆరితే రంగు ముదురుతుందని చెప్పి ముసలమ్మని పంపెయ్యమన్నాడు. ఆమె ఎదురుగానే ఉంది. పైడయ్య సిరంజి నింపి, హెడ్డుకి తగిలించి, బొటనవేలితో బలంగా నొక్కాడు. లోపల ఏదో చిట్లిన చిన్న శబ్దం. ఆ తర్వాత వేసిన పరీక్ష గీతల్లో ఎరుపు, పసుపు, నీలం ఉన్నాయి. నలుపు ఉండవలసిన చోట ఉత్త తెలుపు.

గవర్రాజు అన్న మాటలు ఇక్కడ రాయను. పైడయ్య ఫొటోని సీడీలోకి ఎక్కించి జేబులో వేసుకుని, పోతమ్మని రమ్మని, మెట్లెక్కాడు. నేనూ వెనకాలే వెళ్ళాను.

రెండు వీధుల అవతల ఇంకో బ్యానర్ల షాపు. అక్కడి ఆపరేటరు వరహాలుకీ పైడయ్యకీ ఒకరంటే ఒకరికి పడదని ఆ వీధంతటికీ తెలుసు. గుమ్మంలోనే వరహాలు నవ్వాడు.

“ఏటి బావా, నీ సినిమా హీరోలంతా అయిపోనారా?”

“మిషను సంపీసినాను బావా. ఇదొక్కటి కొట్టు. రంగు ముట్టుకోకు. ఎలాగున్నాడో అలాగే కొట్టు.”

వరహాలు మరో ఎగతాళికి నోరు తెరిచి, వెనక నిలబడ్డ పోతమ్మని చూసి, సీడీ తీసుకున్నాడు.

మొహం నుదుటి నుంచి కిందికి, కొంచెం కొంచెంగా, వానకు తడిసిన నేలలా దిగింది. కనుబొమ్మ మీద తెగిన చోటు కూడా వచ్చింది. పోతమ్మ ఆరని ఇంకు మీదే చెయ్యి పెట్టి చెంప నిమిరింది. వేలికి నలుపంటుకుంది. “ఈడే,” అంది. పైడయ్య గోడవైపు తిరిగి అక్కడున్న ధరల పట్టిక చదువుతున్నట్టు నిలబడ్డాడు.

నలుపు పూర్తిగా చచ్చిపోవడంతో గవర్రాజుకి కొత్త హెడ్డు వేయించక తప్పలేదు. దీపావళి తర్వాత మళ్ళీ ఆ సెల్లారుకి వెళ్ళాను. మిషను శుభ్రంగా, చారలేకుండా, నిండు నలుపుతో పనిచేస్తోంది. పైడయ్య మాత్రం దాని దగ్గర లేడు. కంప్యూటరు ముందు కూర్చుని మౌసుతో ఎవరిదో చెంప రుద్దుతున్నాడు. తమని నల్లగా కొట్టాడని బ్యానర్లు తిరిగొచ్చాయట. ఆ వార్డు నాయకుడైతే మనుషుల్ని పంపి అరిపించాడట. ఇప్పుడు ప్రతి మొహాన్నీ తెల్లగా చేశాకే మిషనుకి ఎక్కించాలని గవర్రాజు ఆజ్ఞ.

ఇప్పుడు మిషను బాగానే ఉంది కదా అన్నాను. అతను తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అన్నాడు.

“మిషను రోగం కుదిరిపోనాది మాస్టారూ. ఆ రోగాన్ని ఇప్పుడు నా సేత్తో సేయమంతన్నారు.”