అరంగుళం మాస్టారూ, పక్క సీటూ

కోట్లు కుట్టే మాస్టారికి ఆ పేరు ఊరికే రాలేదు. వీధిలో ఎవరు ఎదురైనా ఆయన ముందు మొహం చూడడు, భుజం చూస్తాడు. "ఎడమ చెయ్యి అరంగుళం పొడుగైంది, ఎవరు కుట్టారది?" అని అడిగేశాకే బాగున్నావా అంటాడు. ఆ అరంగుళమే చివరికి ఆయన పేరైపోయింది. ఎదురుగా ఉంటే మాస్టారూ అంటారు, మలుపు తిరగగానే అరంగుళం వెళ్తున్నాడంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. పైకి చిరాకు పడతాడు గానీ లోపల మురిసిపోతాడు.

కింద కొట్టు, పైన ఇల్లు. కత్తిరింపూ మిషనూ ఆయనవి. కాజాలు, బొత్తాలు, అంచు మడతలు, చేతికుట్టంటూ ఏదున్నా సరే ఆవిడది, అంటే మాస్టారి భార్యది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇదే పంపకం. ఆవిడ కిటికీ పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని కుడుతుంది. ఆయన బల్ల దగ్గర నిలబడి ఊరందరి గురించీ మాట్లాడతాడు. ఆవిడ ఊఁ కొడుతుంది. ఎప్పుడో ఒకసారి దారం పళ్ళతో కొరికి ఒకే ఒక్క మాట అంటుంది, దాంతో ఆయన ఉపన్యాసం కట్టు.

రెండేళ్ళ కిందట ఆవిడకి నడుం పట్టేసింది. స్కూటరు వెనక కూర్చోలేకపోయింది. ఆదివారం సాయంత్రాలు ఇద్దరూ ఊరి బయట ఆనకట్ట దాకా వెళ్ళి, గోడ మీద కూర్చుని, వేయించిన పల్లీలు తిని వచ్చేవాళ్ళు. ఆ ముచ్చట అక్కడితో సరి. మెట్లు దిగితే కొట్టు, ఎక్కితే ఇల్లు. ఆవిడ లోకమంతా ఆ పద్నాలుగు మెట్లలో ఇరుక్కుపోయింది. అయినా ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆయనకి ముల్లులా గుచ్చుకునేది. కారు కొంటాను, నిన్ను మళ్ళీ ఆనకట్టకి తీసుకెళ్తాను అని ఎన్నిసార్లు అన్నాడో ఆయనకే తెలియదు. ఆవిడ ప్రతిసారీ ఊఁ కొట్టింది.

చివరికి ఆయన కొన్న కారు పళ్ళ డాక్టరుది. పదకొండేళ్ళ వయసు, బూడిద రంగు, పొడుగాటి ముక్కు. ఒకప్పుడు పెద్ద పెద్దవాళ్ళు వెనక సీట్లో కూర్చుని పేపరు చదువుకుంటూ వెళ్ళిన రకం. డాక్టరుకి కుట్టిన కొత్త కోటు కార్లో వెనక కొక్కేనికి తగిలించడానికి మాస్టారు తలుపు తీసి తల లోపలికి పెట్టాడు. ఎంతసేపటికీ ఆ తల బయటికి రాలేదు.

"ఏమైంది మాస్టారూ?" అని డాక్టరు కంగారుపడ్డాడు.

"ఈ సీట్లు ఎవరు కుట్టారండీ?" అన్నాడు మాస్టారు, గొంతు బాగా తగ్గించి.

తేనె రంగు తోలు. దాని మీద జంట వరసల కుట్టు. మాస్టారు వేలితో తడిమాడు. మూల తిరిగే చోట కూడా అది దగ్గర పడలేదు, దూరం జరగలేదు. మెడలో టేపు తీసి కొలిచాడు. అంగుళానికి ఏడు కుట్లు, ఎక్కడ కొలిచినా ఏడే. ఇంకొకరి కుట్టుకి వంక పెట్టలేకపోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

"అమ్మేద్దామనుకుంటున్నాను, మీకు కావాలా?" అన్నాడు డాక్టరు నవ్వుతూ.

డాక్టరు మంచివాడు, ఏదీ దాచలేదు. స్టీరింగు ముందు పసుపు దీపం ఒకటి అప్పుడప్పుడు వెలుగుతుందన్నాడు. డ్రైవరు పక్క సీటుని పైకెత్తే మోటారు కాలిపోయిందనీ, అది ఇప్పుడెక్కడా దొరకడం లేదనీ చెప్పాడు. మాస్టారు అన్నిటికీ తలూపాడు, ఒక్కటీ చెవికెక్కలేదు. ఇంజను మూత తీసి చూడలేదు. చక్రాలవైపు కన్నెత్తి చూడలేదు. లోకంలో ఎవరైనా పాత కారు కొనేటప్పుడు వెంట మెకానిక్‌ని తీసుకెళ్తారు, ఈయన టేపు తీసుకెళ్ళాడు.

కారు వచ్చి కొట్టు ముందు ఆగిన రోజు వీధి వీధంతా అక్కడే ఉంది. తాళం వేస్తే చాలు, బయటి పక్క అద్దాలు రెండూ చెవుల్లా ముడుచుకుంటాయి. అది చూపించడానికి మాస్టారు తాళం వేసి తీసి, వేసి తీసి, చూసేవాళ్ళకే చేతులు నొప్పి పుట్టించాడు. ఆవిడ ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. రెండేళ్ళ తర్వాత ఆవిడ మొహంలో ఆ కళ చూసి ఆయనకి కడుపు నిండిపోయింది. వంగి మరీ తలుపు తీశాడు.

ఆవిడ కూర్చోలేదు, పడింది. ఆ సీటు నడుమ పల్లం, రెండు పక్కలా గట్లు, అచ్చం నీళ్ళతొట్టి. ఎత్తుదామని మాస్టారు మీట నొక్కితే లోపల ఏదో గుర్రుమని ఊరుకుంది. కారు పది గజాలు కదిలిందో లేదో, "ఆపండి, నడుం పట్టేసింది" అంది ఆవిడ. ఇక లేవడం వల్ల కాలేదు. పేపర్లమ్మే ఆయన ఒక చెయ్యీ, ఇస్త్రీ ఆయన ఒక చెయ్యీ పట్టుకుని లాగారు. ఆవిడ ఊపు కోసం సీటు గట్టుని గోళ్ళతో పట్టుకుంది.

అప్పుడు మాస్టారి నోటి వెంట ఆ మాట వచ్చింది. "గోళ్ళు జాగ్రత్త, కుట్టు లేచిపోతుంది."

నవ్వుతున్నవాళ్ళు కూడా నవ్వు ఆపేశారు. ఆవిడ ఎలాగో లేచి నిలబడింది. ఎవరి మొహమూ చూడకుండా పద్నాలుగు మెట్లూ ఎక్కింది. పైనుంచి ఒక్క మాట వినిపించింది. "ఇంకెప్పుడైనా ఆ కారెక్కితే ఒట్టు."

ఆవిడ మాటంటే మాటే. మర్నాటి నుంచి కొట్లో కాజాల లెక్కా, దారం రంగూ తప్ప వేరే మాట లేదు. ఊఁ కొట్టడం కూడా మానేసింది. ఊఁ లేకపోతే తన కబుర్లు ఎంత చప్పగా ఉంటాయో మాస్టారికి అప్పుడు తెలిసొచ్చింది.

ఆదివారం వచ్చింది. పంతానికి ఒక్కడే బయల్దేరాడు. వీధి మలుపు తిరగకముందే కారు టింగు టింగుమని మొదలుపెట్టింది. పక్క సీట్లో మనిషి బెల్టు పెట్టుకోలేదట. పక్క సీట్లో మనిషేదీ? కారు ఒప్పుకోలేదు. ఆనకట్ట దాకా చెవి దగ్గర జోరీగలా అదే పాట. చివరికి విసుగెత్తి, ఖాళీ సీటుకి బెల్టు బిగించాడు. ఠక్కున ఊరుకుంది. ఇక ప్రతి ఆదివారం అదే తంతు. ఎవరూ లేని సీటుకి బెల్టు పెట్టి, గోడ మీద ఒక్కడే కూర్చుని, పల్లీలు సగమే తిని, మిగతా పొట్లం తెచ్చి ఆవిడ స్టూలు మీద పెట్టేవాడు. పొద్దున్నకి ఆ పొట్లం ఆయన బల్ల మీద ఉండేది.

మెకానిక్‌కి చూపించాడు. అతను సీటు కింద టార్చి వేసి చూశాడు. "బరువుని కనిపెట్టే పలక ఒకటి ఉంటుంది మాస్టారూ. దాని తీగ నలిగింది. ఎవరూ లేకపోయినా ఉన్నారనుకుంటోంది. సీటు తోలు విప్పితే సరిచెయ్యొచ్చు."

"విప్పడమా? ఆ కుట్టుని? నీ చెయ్యి పడిపోతుంది తమ్ముడూ."

"అయితే బెల్టు పెట్టుకుని తిరగండి, ఆ కనబడని ఆవిడెవరో మీకు తోడుగా ఉంటుంది" అన్నాడు మెకానిక్. మాస్టారు నవ్వలేదు.

ఐదు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం బ్యాంకు గుమాస్తా ఒకడు రెడీమేడు ప్యాంటు పట్టుకొచ్చాడు. నడుం దగ్గర పిడికిలి పట్టేంత వదులు. మాస్టారికి పూనకం వచ్చేసింది. "వేసుకుని చూడలేదా? రంగు బాగుంది కదాని పట్టుకొచ్చేయడమేనా? వేసుకునే మనిషికి సరిపోతుందో లేదో చూసుకోకుండా ఎవరైనా కొంటారా?"

కిటికీ పక్కన ఆవిడ దారం పళ్ళతో కొరికింది. "కొంటారు" అంది.

గుమాస్తాకి ఏమీ అర్థం కాలేదు. మాస్టారికి మాత్రం అర్థమై చెవులు వేడెక్కాయి. గుమాస్తా వెళ్ళాక ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "ఊళ్ళో అందరి కొలతలూ మీ పుస్తకంలో ఉన్నాయి కదా. నావి ఉన్నాయా?"

ఆవిడ పైకి వెళ్ళాక మాస్టారు కొలతల పుస్తకం తీశాడు. పళ్ళ డాక్టరుకి మూడు పేజీలు. ఊరొదిలి వెళ్ళిపోయిన స్టేషను మాస్టరుకి రెండు. ఎప్పుడో పెళ్ళి కోటు కుట్టించుకుని మళ్ళీ మొహం చూపించనివాడికి కూడా ఒక పేజీ. అట్ట నుంచి అట్ట దాకా తిరగేశాడు. ఆవిడ పేజీ లేదు. ఆయనకి సిగ్గేసింది. నిజంగా, ఒంటరిగా కొట్లో నిలబడి సిగ్గుపడ్డాడు.

ఆవిడ వచ్చి కూర్చుంటే గానీ కొలవలేడు, రమ్మని పిలిచే మొహం లేదు. అందుకని ఆవిడ స్టూలు కొలుద్దామని వంగాడు. స్టూలు మీద ఒక దిండు, దాని కింద ఇంకో దిండు, దాని కింద మడతలు పెట్టి కుట్టిన కోటు గుడ్డ ముక్కలు. ఒక్కో నెలా నడుం మొరాయించినప్పుడల్లా ఒక్కో మడత పెంచుకున్నట్టుంది. ఎప్పుడు పెంచుకుందో ఆయనకి తెలియదు. మూడడుగుల దూరంలో నిలబడి ఊళ్ళోవాళ్ళ భుజాల గురించి మాట్లాడుతున్నాడు మరి. నేల నుంచి ఇరవై రెండు అంగుళాలు. బయటికి వెళ్ళి కారు సీటు పల్లం కూడా నేల నుంచి కొలిచాడు. పద్దెనిమిదిన్నర. పుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన పేరు రాసి, రెండు అంకెలూ వేశాడు.

ఆదివారం కొట్టుకి సెలవు, ఆవిడ కిందికి రాదు. మెకానిక్ వచ్చి, బ్యాటరీ తీగ తీసి, నాలుగు బోల్టులు విప్పి సీటుని కత్తిరింపు బల్ల మీదికి చేర్చాడు. "కూర్చునే దిండు వరకే ముట్టుకోండి. వీపు పక్క కుట్టు జోలికి పోవద్దు, అందులో గుద్దుకుంటే ఉబ్బే గాలిసంచి ఉంటుంది" అని హెచ్చరించాడు. తర్వాత తేనె రంగు తోలు మీద చెయ్యి వేసి, "ఇది విప్పితే రేపు ఈ కారు ఎవరూ కొనరు మాస్టారూ" అన్నాడు.

"ఎవడు అమ్ముతున్నాడు?" అన్నాడు మాస్టారు.

అన్నాడే గానీ, మొదటి కుట్టు తెంపడానికి పావుగంట పట్టింది. కత్తి మొన పెడతాడు, తీస్తాడు, కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. చివరికి కళ్ళు మూసుకున్నంత పని చేసి తెంపాడు. ఒకటి తెగాక మిగతావి వాటంతటవే లొంగిపోయాయి. మెకానిక్ పలక తీగ సరిచేశాడు. మాస్టారు తలుపువైపు గట్టుని కోసేశాడు. పల్లంలో గట్టి స్పాంజి మూడున్నర అంగుళాలు నింపాడు, కూర్చుంటే అణుగుతుందని ఇంకో అరంగుళం వేశాడు.

అసలు కష్టం అక్కడే మొదలైంది. ఆ సీటు మిషను కింద పట్టదు, చేత్తోనే కుట్టాలి. చేతికుట్టు ఆయన మరిచిపోయి ముప్ఫై నాలుగేళ్ళు. ఆవిడని పిలిస్తే గంటలో అయిపోయే పని, పిలవకూడదని పట్టుబట్టాడు. వేలికి రెండుసార్లు సూది దిగింది. కుట్టు ఒకచోట పరుగెత్తింది, ఒకచోట కునుకు తీసింది. ఇదే ఇంకొకరు కుట్టి ఉంటే ఏడాదిపాటు ఆ మనిషిని వీధిలో నిలబెట్టి కడిగేసేవాడు.

సాయంత్రానికి సీటు కార్లోకి ఎక్కింది. మాస్టారు మెట్ల కింద నిలబడి, "ఇదిగో, ఒక్కసారి వస్తావా, ఒక కుట్టు చూడాలి" అని పిలిచాడు.

కుట్టు అనేసరికి ఆవిడ వచ్చింది. తెరిచి ఉన్న తలుపు దగ్గర ఆగి, చూపుడువేలు ఆ అంచు వెంట నడిపింది. "ఇక్కడ ఐదున్నాయి. ఇక్కడ ఎనిమిది. ఇక్కడ వంకరపోయింది. ఎవరు కుట్టారిది?"

ఆయన చెయ్యి వెనక్కి దాచుకోబోయాడు. ఆవిడ ఆయన వేలికి చుట్టిన గుడ్డ పీలిక చూసింది. "ఆ కుట్టు విప్పేశారా?" అంది మెల్లగా.

"నీకు సరిపోలేదుగా" అన్నాడు. "తప్పు నాది. ముందే కొలిచి ఉండాల్సింది. ఆ రోజు ఆ మాట కూడా అని ఉండాల్సింది కాదు."

ఆవిడ పక్కకి తిరిగి కూర్చుంది. పడలేదు, కూర్చుంది. కాళ్ళు లోపల పెట్టుకుంది. మళ్ళీ బయట పెట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది. ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి మరీ చూస్తున్నాడు. ఆవిడ మళ్ళీ కూర్చుంది.

"ఒట్టు పెట్టావు కదా" అన్నాడు మాస్టారు, నోరు ఊరుకోక.

"ఆ సీటున్న కారెక్కనని పెట్టాను. ఆ సీటు ఇది కాదు" అంది ఆవిడ. "పల్లీల కొట్టు ఇంకా ఉందా?"

ఆయన గబగబా అటు వెళ్ళి కూర్చుని కారు కదిపాడు. మలుపు రాకముందే టింగు టింగుమంది.

"మళ్ళీ అరుస్తోందేంటి? బాగుచెయ్యలేదా?"

"బాగయింది కాబట్టే అరుస్తోంది" అన్నాడు మాస్టారు. "నువ్వు కూర్చున్నావని చెప్తోంది."

ఆవిడ బెల్టు లాగి పెట్టుకుంది. కారు ఊరుకుంది. మలుపు దగ్గర కారు ఒక పక్కకి ఒరిగింది, ఆవిడ కంగారుగా సీటు అంచుని గోళ్ళతో పట్టుకుని, గుర్తొచ్చి వదిలేయబోయింది.

"వదలకు" అన్నాడు ఆయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "గట్టిగా పట్టుకో."