ఒక్క చుక్కయినా కారని మిషను

వీరవెంకటసత్యనారాయణ అన్న పేరు గుర్తింపు కార్డులో రెండు వరుసలు పట్టింది. రంగూన్‌లోని చిమిండైంగ్ బజారులో అంత తీరిక ఎవరికీ లేదు కనుక అక్కడ ఆయన ఊ నారా, అంటే నారా గారు. అరవై రెండేళ్ల మనిషి. ట్వంటే నుంచి పడవల్లో వచ్చే మట్టికుండలు అమ్ముతాడు. తాత అమ్మాడు, తండ్రి అమ్మాడు, ఈయనా అమ్ముతున్నాడు. ముగ్గురిలో ఎవరూ బాగుపడలేదు, ఎవరూ చెడిపోలేదు.

కుండ విషయంలో ఆయన ఎవరి మాటా నమ్మడు. చేసినవాడి మాట అసలే నమ్మడు. పడవ దిగిన ప్రతి కుండనూ వేలి కణుపుతో తట్టి, నీళ్లు నింపి, పాత న్యూస్‌పేపరు మీద కూర్చోబెట్టి గంటసేపు వదిలేస్తాడు. గంట తర్వాత కాగితం మీద కాస్త చెమ్మ కనిపిస్తే కుండకు చెమట పట్టిందని అర్థం, అది మంచిదే, నీళ్లు చల్లగా ఉంటాయి. కాగితం ముద్దయిపోతే మాత్రం ఆ కుండ ఆ రోజునుంచి పూలతొట్టి. కొనేవాళ్లు బేరం ఎంతయినా ఆడతారు గాని, ఊ నారా కుండ కారిందని ఇంతవరకూ ఎవరూ వెనక్కి తేలేదు.

ఆయనా, భార్య జయశ్రీ బజారు వెనక వీధిలో ఒక చెక్క ఇంటి మేడ మీద అద్దెకుంటారు. కింద ఇంటావిడ డో ఖిన్ ట్వే. బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైంది. డెబ్బై అయిదేళ్లు, మోకాళ్లు పనికిరావు. మేడ మీద నేలంతా టేకు చెక్కలు. అవి పాతబడి మధ్య మధ్య సందులు పడ్డాయి. కింద లైటు వేస్తే పైన గీతలు గీతలుగా వెలుగొస్తుంది.

ఇల్లు చూపించిన రోజున ఆవిడ తన వెనకగదిలో గోడకు కొట్టిన అర చూపించి, "ఇక్కడ మా ఫయా ఉన్నారు" అంది. ఫయా అంటే ఆవిడ బుద్ధుడు. అర మీద విగ్రహం, పూలు, చిన్న దీపం. అంతకుమించి ఇంకేమీ చెప్పలేదు. పైన తొక్కొద్దనలేదు, నీళ్లు పొయ్యొద్దనలేదు. బర్మావాళ్లకు 'అనా' అని ఒక మాట ఉంది. మనం నోరు విప్పితే ఎదుటివాళ్లకు ఎక్కడ ఇబ్బందవుతుందోనని నోరు కట్టేసుకోవడం. మూడు తరాలుగా ఇక్కడే ఉండడంతో ఈ మొగుడూ పెళ్లాలకూ అది బాగానే అంటుకుంది. ఆవిడ చెప్పనిదంతా వీళ్లు విన్నారు.

ఆ విగ్రహానికి సరిగ్గా పైన ఎవరి పాదమూ పడకుండా అక్కడ నాలుగు కాళ్ల బల్ల వేసి తమ దేవుడి మందిరం పెట్టుకున్నారు. దేవుడి మీద దేవుడు. ఇద్దరిలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కానీ దేవుడున్నచోట తడిగుడ్డ పెట్టకుండా జయశ్రీ దీపం వెలిగించదు. తడిగుడ్డ పెడితే సందులోంచి నీరు కిందికి దిగుతుంది. అందుకని గుడ్డను పిండేది. ఒకసారి పిండి, దులిపి, మడతమార్చి మళ్లీ పిండేది. ఇక బొట్టు రాదని రూఢి చేసుకోవడానికి మూడోసారి పిండేది. ఇరవై రెండేళ్లుగా, రోజూ. కింద ఒక్క చుక్క పడలేదు. ఆ సంగతి పైవాళ్లూ ఎత్తలేదు, కిందావిడా ఎత్తలేదు.

ఈ వేసవిలో జయశ్రీ కుడి మణికట్టు వాచింది. గాజులు తీసేయాల్సివచ్చింది. డాక్టరు నొక్కి చూసి, ఏ పనైనా చేసుకోండిగాని గుడ్డలు పిండడం మాత్రం మానెయ్యండి, లేకపోతే ఆ చెయ్యి ఇక పనికి రాదు అన్నాడు. ఆమె బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి గుడ్డ పిండింది.

సత్యనారాయణ తాను పిండుతానన్నాడు. మొహం ఎర్రబడేదాకా పిండాడు కూడా. ఆమె ఆ గుడ్డ అందుకుని మళ్లీ పిండితే అరగ్లాసు నీళ్లు వచ్చాయి.

"ఏటండీ ఇది, పిండడమా, నిమరడమా?" అంది.

తాకేటాలో కాపురముంటున్న కూతురు జయంతి, బుట్ట గిర్రున తిరిగే మాప్ బకెట్టు ఒకటి పట్టుకొచ్చింది. ఆయన దాని గుడ్డ తీసి కాగితం మీద పెట్టాడు. మూడు కాగితాలు తడిశాయి. బకెట్టును మర్యాదగా కూతురికే అప్పజెప్పాడు.

"పోనీ రోబో కొనీండి నాన్నా" అంది జయంతి. "అదే ఊడుస్తాది, అదే తుడుస్తాది, దాని గుడ్డ అదే ఉతుక్కుంటాది."

"పిండుకుంటాదా?"

జయంతి ఫోనులో వెతికింది. ఎన్ని గదులు గుర్తుపెట్టుకుంటుందో రాశారు, ఎన్ని భాషలు మాట్లాడుతుందో రాశారు, కుక్కను చూస్తే ఏం చేస్తుందో కూడా రాశారు. పిండడం గురించి ఒక్కడూ రాయలేదు.

సత్యనారాయణ భయం ఏమిటో ఇక్కడే చెప్పేయాలి. ఒక్క చుక్క పడితే డో ఖిన్ ట్వే ఒక్క మాట అనదు. అదే ఆయన భయం. తిడితే కాళ్లు పట్టుకోవచ్చు. ఏమీ అనకుండా మర్నాడు వడ్రంగిని పిలిపించి ఆ అరను వేరే గోడకు మార్పించుకుంటే, ఆ మేకులు కొట్టే చప్పుడు వింటూ పైన అన్నమెలా తింటాడు? ఇన్నేళ్లుగా వీధిలో వీళ్లకున్న మర్యాదంతా ఆ ఇంటావిడ నవ్వు మొహం మీదే నడిచింది. ఆవిడ నవ్వు పోగూడదు, జయశ్రీ చెయ్యీ పోగూడదు. రెండూ నిలబెట్టే మిషను ఒకటి కావాలి.

మూడు వారాలపాటు కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. అన్నాళ్లూ జయశ్రీ వాచిన చేత్తోనే గుడ్డ పిండింది. రెండు టేకు ముక్కల్ని తన ఇంటి నేలలాగే సందు వదిలి జోడించి ఒక బల్ల తయారుచేశాడు. దాన్ని చంకలో పెట్టుకుని, సంచీలో వారం రోజుల పేపర్లు వేసుకుని సిటీ బస్సెక్కేవాడు. బల్ల అమ్మకానికా అని కండక్టరు అడిగాడు. కాదు, తుడిపించడానికి అన్నాడు. కండక్టరు టికెట్టు చింపి ఇచ్చి ముందుకెళ్లిపోయాడు.

మొదటి షాపులో టై కట్టుకున్న ఒక పెద్దమనిషి, పీల్చే బలం పన్నెండు వేల పాస్కల్స్ అన్నాడు. పాస్కల్స్ సంగతి తర్వాత చూద్దాం, ముందు నీళ్లు పొయ్యండి అన్నాడు సత్యనారాయణ. కింద కాగితాలు పరిచి, వాటిపైన బల్ల పెట్టి మిషనును ఎక్కించారు. రెండు గుండ్రటి గుడ్డలు తిప్పుకుంటూ అటు వెళ్లింది, ఇటు వచ్చింది. బల్ల ఎత్తి చూస్తే మొదటి పేజీనుంచి ఆటల పేజీదాకా తడిసింది. రెండో షాపు మిషను కాగితాన్ని తడపలేదు. బల్ల చూడగానే అడ్డమనుకుని పక్కకు తిరిగిపోయింది గనక తడిపే అవకాశం దానికి రాలేదు. తుడవకపోయినా తెలివైనదని షాపువాళ్లు చెప్పబోయారు. ఆయన చెవిన వేసుకోలేదు.

మూడో షాపులో మా సూ అనే అమ్మాయి ఉంది; తమకన్నా చిన్నదైన ఆడమనిషి పేరు ముందు ఇక్కడ 'మా' చేరుస్తారు. ఆమె చూపించిన దానికి కింద గుడ్డ బదులు చపాతీ కర్రలాంటి రోలరు ఉంది. రోలరు తిరుగుతుంటే లోపల ఒక పట్టీ దాన్ని నొక్కి మురికినీళ్లు పిండేస్తుంది. "పిండేస్తుంది" అన్న మాట వినగానే సత్యనారాయణ చంకలో బల్ల కిందికి దించాడు. ఈ ముసలాయనకు కాగితాల పిచ్చి ఏమిటో మా సూ అడగలేదు. ఆమెకూ అనా. ఆయన తెచ్చిన పేపర్లు అయిపోతే షాపువి తెచ్చి పరిచింది. నాలుగుసార్లు ఎక్కించారు, నాలుగుసార్లు దించారు. కాగితం మీద కాస్త చెమ్మ, అంతే. ఆయన ఒంగి మిషను మూతను వేలి కణుపుతో తట్టాడు. చెమట పట్టిందిగాని కారలేదు అనుకున్నాడు తెలుగులో.

"కరెంటు పోతే?" అని అడిగాడు.

"ఛార్జి ఉన్నంతసేపూ తుడుస్తుంది అంకుల్. కరెంటు ఉన్నప్పుడే ఎక్కించుకోవాలి."

ఊళ్లో ఫోన్లూ ఫ్యాన్లూ మనుషులూ అందరూ చేసే పనే కనుక అందులో ఆయనకు లోపమేమీ కనిపించలేదు. కొన్నాడు.

జయశ్రీ మిషనును చాలాసేపు చూసింది. "ముందు దేవుడి దగ్గర తుడవాల. గదులన్నీ తిరిగొచ్చిన మురికితో నా దేవుడి దగ్గరికి రానివ్వను, సెప్తున్నాను" అంది. జయంతి ఫోనులో ఆ ప్రకారమే పెట్టింది. మర్నాడు పొద్దున్నే మిషను దేవుడి బల్ల కిందికి దూరి, శుభ్రంగా తుడిచి, బయటికొచ్చింది. సత్యనారాయణ నేలకు చెవి ఆనించి విన్నాడు. కింద పేపరు పరిచి చూద్దామంటే, బుద్ధుడి నెత్తిన పేపరు పరుస్తానని ఆవిడతో ఏ మొహం పెట్టుకుని అనగలడు? ఏ చప్పుడూ లేదు. ఆయన లేచి కాఫీ తాగాడు.

మిషను చేసే ప్రతి పనినీ ఇంగ్లీషులో చెప్పి చేసేది. తుడవబోతున్నాను అనేది, తుడిచేశాను అనేది. ఆ ఇంట్లో చేసే పని బయటికి చెప్పుకునేది అదొక్కటే. జయశ్రీ మొదటి రెండు రోజులూ దాని వెనకే తిరిగింది. తర్వాత చాలించుకుంది. పదో రోజుకు వాపు తగ్గి, గాజులు మళ్లీ చేతికెక్కాయి. ఆ సంగతి మొగుడికి చెప్పలేదు. వంటింట్లో గాజుల చప్పుడు విని ఆయనే తెలుసుకున్నాడు. సంతోషమేసింది.

పదకొండో రోజు పొద్దున మిషను బల్ల కింద నుంచి ఇంగ్లీషులో ఏదో అంది. ఎప్పుడూ అనేదే కదా అని ఆయన కాఫీ తాగుతూనే ఉన్నాడు. మళ్లీ అంది. మూడోసారి కూడా అనేసరికి గ్లాసు పక్కన పెట్టి, మోకాళ్ల మీద ఒంగి చూశాడు. గోడవార చెక్క ఒకటి చివర పుచ్చిపోయి ఉంది. మిషను చక్రం అందులో దిగబడింది. అది కదలలేక ఉన్నచోటే రోలరు తిప్పుకుంటోంది, తిప్పుతూ అక్కడే నీళ్లు వదులుతోంది. తాను షాపులో టేకు ముక్కల బల్ల మీద నడిపించి చూశాడేగాని, ఇరుక్కుపోతే ఏం చేస్తుందో చూడలేదు. చెక్కల సందులో నీరు మెరిసింది. చూస్తుండగానే కిందికి దిగిపోయింది.

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. బల్ల కిందికి దూరి, మిషను కట్టేసి, సందుకు వేలు అడ్డం పెట్టాడు.

కింద డో ఖిన్ ట్వే ప్రార్థన చదువుతోంది. రోజూ ఈ వేళకు వినిపించే గొణుగుడే. అది మధ్యలో ఆగిపోయింది. కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత మెట్ల మీద అడుగు పడింది.

ఆవిడ మేడ మెట్లు ఎక్కి ఎన్నేళ్లయిందో! వీళ్లు అద్దెకు దిగాక ఒక్కసారీ ఎక్కలేదు. ఏదైనా కావాలంటే కిందనుంచే పిలిచేది. ఇప్పుడు ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు. ఆ మోకాళ్లతో ఎక్కి వస్తోందంటే ఇన్నాళ్లు అననిదంతా ఇవాళ మొహం మీద అనేయడానికే. సత్యనారాయణ కంగారుగా వెనక్కి పాకబోయి బల్లకు తల కొట్టుకున్నాడు. దేవుడి గంట కింద పడింది. ఇటువంటివాటికి బర్మాలో చెప్పుకునే క్షమాపణ ఉంది, కడో అని. దాన్నే నోట్లో నాలుగుసార్లు తిప్పుకుంటూ, తడి లుంగీతో గుమ్మంలోకి వచ్చాడు.

డో ఖిన్ ట్వే తలుపు పట్టుకుని రొప్పుతోంది. కొప్పు ఊడిపోయింది. జపమాల ఇంకా చేతికే ఉంది.

"కడో ఆంటీ, కడో. మిషను..."

"మా జయ ఏది?" అంది ఆవిడ.

"వంటింట్లో... ఆంటీ, ఆ నీళ్లు..."

ఆవిడ ఆయన్ను పక్కకు తోసేసి లోపలికి వెళ్లింది. జయశ్రీ అప్పుడే గంట చప్పుడు విని, గరిటె చేత్తో పట్టుకుని వస్తోంది. ఎదురుగా ఇంటావిడను చూసి కొయ్యబారిపోయింది. డో ఖిన్ ట్వే ఆమె మొహం తడిమింది, భుజాలు తడిమింది, కిందినుంచి పైదాకా చూసింది. అప్పుడుగాని ఊపిరి తీసుకోలేదు.

"రోజూ పొద్దున్నే నువ్వు గుడ్డ పిండడం నాకు వినిపిస్తుంది" అంది. "బకెట్లో రెండుసార్లు నీళ్లు పడతాయి. మూడోసారి పడవు. అది అయ్యాకే నేను ప్రార్థన మొదలుపెడతాను, ఇన్నేళ్లుగా. పది రోజులుగా ఆ చప్పుడు లేదు. ఒంట్లో బాగోలేదేమో, అడిగితే ఏమనుకుంటావోనని ఊరుకున్నాను. ఇవాళ దండం పెడుతుంటే నా చేతుల మీద నీళ్లు పడ్డాయి. పైన నువ్వు ఉండగా పడవు కదా. నువ్వు పడిపోయావనుకున్నాను."

సత్యనారాయణకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆవిడ కోపానికి భయపడుతూ ఊరంతా కాగితాలు తడిపించాడు. ఆవిడ చెవి ఎక్కడుందో ఆలోచించలేదు.

జయశ్రీకి బర్మా మాట నోటికి రాలేదు. "ఎవులికీ తెలీదనుకున్నాను" అంది తెలుగులో, వాపు తగ్గిన చెయ్యి ఆవిడ చేతుల్లో పెట్టి, చిన్నపిల్లలా ఏడుస్తూ. డో ఖిన్ ట్వేకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఏమన్నావని అడగలేదు. ఆ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడింది.