రెండుసార్లు వచ్చిన ఒంటిగంటా పది

బస్సు డిపోలో కెమెరాల గది చూసుకునే ఆయన్ని అందరూ సెకన్ల సారు అనేవారు. చిన్నప్పుడు పాలసీసా బదులు అలారం గడియారం నోట్లో పెట్టి పెంచారని ఒక కండక్టరు ప్రచారం చేశాడు. ఆయన పొట్టకు చెవి ఆనిస్తే టిక్కుటిక్కుమనడం తాను స్వయంగా విన్నానని మెకానిక్కు సాక్ష్యం చెప్పాడు. ఎవరి గొడుగు పోయినా, ఎవరి సైకిలుకు సొట్ట పడినా ఆయన అడిగేది ఒక్కటే: "ఏ రోజు, ఎన్నింటికి?" తేదీ, గంట, నిమిషం కొడితే రికార్డరు సరిగ్గా అక్కడే బొమ్మ తెరిచేది. ముందుకీ వెనక్కీ జరుపుతూ దేవులాడడం ఆయనకు నామోషీ.

భార్య పోయిన ఇరవై తొమ్మిదో రోజు మధ్యాహ్నం మళ్లీ డ్యూటీలో చేరాడు. వెంట మరదలు వచ్చింది. రికార్డరు ముప్పై రోజులే దాచుకుంటుంది. రేపు కొత్త రికార్డింగు వచ్చి ఆమె పోయిన రోజును చెరిపేస్తుంది.

"అక్క ఆఖరిసారి గడప దాటింది నీ క్యారియర్ ఇవ్వడానికే కదా బావా. ఒక్కసారి చూపించు."

"చూసి ఏడవడానికా?"

"ఏడవడానికి నీ మిషనెందుకు, నీ మొహం చాలు."

ఆ రోజు భార్య గేటు దగ్గర్నుంచి ఫోన్ చేసింది. "ఒకసారి కిందికి రావా" అంది. "చేతిలో పనుంది, స్టూలు మీద పెట్టి వెళ్లు" అన్నాడు. అప్పుడు తెర మూల ఒంటిగంటా పది చూపిస్తోంది. సాయంత్రం ఆయన ఇల్లు చేరేసరికి ఆమె లేదు. గుండె ఆగిపోయిందన్నారు.

తేదీ కొట్టి, ఒంటిగంటా పది కొట్టాడు. ఖాళీ గేటు. ఒక కుక్క ఒళ్లు విరుచుకుంటోంది.

"కుక్కని చూడ్డానికా ఇంత దూరం వచ్చాను?" అంది మరదలు.

ఆయన వేళ్లు ఆగిపోయాయి. ఆ రోజు రికార్డరు గడియారం ఏడు నిమిషాలు ముందుంది. దాన్ని సరిచెయ్యడమే అప్పుడు చేతిలో ఉన్న పని. ఒంటిగంటా పదహారు చూపిస్తున్నప్పుడు ఒంటిగంటా తొమ్మిదికి వెనక్కి తిప్పాడు. దాంతో ఆ ఏడు నిమిషాలూ రెండుసార్లు రికార్డయ్యాయి. టైం చెప్పి అడిగితే మిషను రెండోదే చూపిస్తుంది. ఆమె మొదటిదాంట్లో ఉంది.

గడియారం మాట వదిలేశాడు. అర్ధరాత్రి మొదలైన రికార్డింగును ఆరంభం నుంచి కొలిచి, పదమూడు గంటల పది నిమిషాల నిడివి దగ్గర తెరిచాడు.

ఆమె ఉంది. ఫోన్ చెవి దగ్గర్నుంచి దించింది. క్యారియర్ స్టూలు మీద పెట్టింది. రెండడుగులు వేసి గేటు ఊచ పట్టుకుంది. రెండో చెయ్యి ఛాతీ మీద వేసుకుంది. తలెత్తి కెమెరా వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఊచలు పట్టుకుంటూ నెమ్మదిగా వెళ్లిపోయింది.

"అప్పుడు నువ్వు చూళ్లేదా బావా?"

"లేదమ్మా. బొమ్మలన్నీ మూసి టైం సరిచేస్తున్నా."

మరదలు కొంగుతో ముక్కు తుడుచుకుని, ఫోన్ తీసి తెరకు ఎదురుగా పట్టుకుంది.

"ఇంకోసారి వెయ్యి. నాకు కావాలి."

ఆయన మళ్లీ మొదటికి తెచ్చాడు. తెర మీద వెలుగు పడి ఫోన్లో భార్య మొహం సరిగ్గా రాదని లేచి ట్యూబులైటు ఆపాడు. స్విచ్చు దగ్గరే గోడవైపు తిరిగి నిలబడ్డాడు.